రంగు ఆలస్యంగా వస్తోందా? ఆ ట్యూబు పారబోయకండి

ప్రశ్న: కండర నమూనాల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో (నీలం రంగు చిక్కదనాన్ని బట్టి) ఫాస్ఫేటు కొలుస్తున్నాను. స్టాండర్డు (ఫాస్ఫేటు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) చక్కగా వస్తోంది. నమూనా రీడింగు మాత్రం రోజుకో రకంగా ఉంటోంది. ఎనిమిది నెలలు వృథా అయ్యాయి. పద్ధతి మార్చేయమంటారా?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అప్పుడే మార్చకండమ్మా. ముందు గడియారం దగ్గర పెట్టుకుని ఒకే ట్యూబు రీడింగును 2, 5, 10, 20, 30 నిమిషాలకు తీసి రాసుకోండి. స్టాండర్డు 5 నిమిషాలకల్లా దాదాపు నిలకడకు వచ్చి, నమూనాలో నీలం ఇంకా చిక్కబడుతూనే ఉంటే ఆ తేడా కండరంలోనే ఉన్నట్టు.

ఇదే చిక్కు 1920లలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేకీ, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికీ ఎదురైంది. 1925లో వారు ప్రచురించిన పద్ధతి ఇతర ద్రవాలకు సరిపోయింది. కండర ద్రవంలో మాత్రం రంగు నెమ్మదిగా వచ్చింది. పద్ధతి లోపమని వారు సరిపెట్టుకోలేదు. మాలిబ్డేటు (ఫాస్ఫేటుతో కలిసి ఆ నీలానికి మూలమయ్యే రసాయనం) ఉన్న ఆమ్లంలో ఏదో పదార్థం విడిపోతూ ఫాస్ఫేటును కొద్దికొద్దిగా వదులుతోందని పసిగట్టారు. 1927లో అది ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. కండరం పనిచేస్తే తగ్గి, విశ్రాంతిలో మళ్లీ పెరిగే పదార్థం అది.

మీ రీడింగులు రోజుకో రకంగా రావడానికి కారణం బహుశా ఇక్కడే ఉంది. కండరం తీయడంలో ఆలస్యమైనా, అది గిలగిలా కొట్టుకున్నా ఫాస్ఫోక్రియాటిన్ అప్పటికే విరిగిపోతుంది. కోసిన వెంటనే అతిశీతలంలో గడ్డకట్టించండి. ప్రోటీన్లను వేరుచేసే ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్‌తో నూరడం, వడకట్టడం మంచులోనే జరగాలి. ఆ ద్రవాన్ని గది వేడిలో నిలవ ఉంచకండి. నిమిషాల వారీ రీడింగులతో గీత గీసి సున్నా నిమిషానికి వెనక్కి పొడిగిస్తే అసలు ఫాస్ఫేటు ఎంతో అంచనా దొరుకుతుంది.

కొలతలు కూడా చూసుకోండి. మొత్తం 10 మి.లీ.కి 2.5 శాతం అమ్మోనియం మాలిబ్డేటు 1 మి.లీ., రంగు తెప్పించే 0.25 శాతం అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ యాసిడ్ 0.4 మి.లీ. మాలిబ్డేటును మామూలుగా 5 నార్మల్ (ఆమ్లం గాఢతకు కొలమానం) సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కలుపుతారు. మీ ద్రవంలో ముందే ఆమ్లం ఉంది కనుక 3 నార్మల్ వాడాలి, స్టాండర్డులోనూ అంతే ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్ పోయాలి. ఆమ్లం తక్కువైతే బ్లాంకు (ఫాస్ఫేటు లేని ట్యూబు) కూడా నీలమవుతుంది, ఎక్కువైతే రంగు నత్తనడక నడుస్తుంది. లీటరుకు 0.351 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు కలిపిన స్టాండర్డులో 5 మి.లీ.కి 0.4 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటుంది. గాజు సామాను సబ్బుపొడితో కడిగారా? అందులో ఫాస్ఫేటు ఉండవచ్చు, ఆమ్లంతో మళ్లీ కడగండి.

ఆ ఎనిమిది నెలల నోటుబుక్కు చింపకండి. రీడింగు ఎన్నో నిమిషంలో తీశారో రాసి ఉంటే, పాత అంకెల్లో కొన్నైనా పనికొచ్చే వీలుంది.

ప్రశ్న: సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పారట, హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కలేదట. ఆ ఓటములే ఆయన్ను గొప్పవాణ్ణి చేశాయా?
– అధ్యాపకుడు, ఖమ్మం

జవాబు: అలా అనడం ఆయనకు అన్యాయం. మూడోసారి మెట్రిక్ గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం చేజారి, ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. వాటిలో ఏదీ ఆయనకు మేలు చేయలేదు, ఏళ్లు తినేసింది. హార్వర్డ్ సంగతి వేరు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లాక పెద్ద రసాయన బృందం ఆయన చేతికొచ్చింది. అక్కడ ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు.

అయితే ఒక వైఫల్యం మాత్రం నిజంగా దారి చూపింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గే బదులు ముదిరినట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే ఏమవుతుంది? అలా అడ్డుకునే మందు అమినోప్టెరిన్ లెడర్లీ నుంచి వచ్చింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకే కన్నుమూశారు.