‘ఈ వయసులో ఎందుకులే’ అని ఆపేసిన మాత్ర

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 76 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. పోయినేడు శుక్లాల ఆపరేషన్‌కి ముందు ఈసీజీ తీస్తే గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని చెప్పి, గుండె డాక్టరు గారు ఎపిక్సాబాన్ 5 ఎంజీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. మూడు నెలల కిందట నాన్న బాత్రూంలో జారిపడ్డారు, దెబ్బేమీ తగల్లేదు. కానీ మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఈ వయసులో రక్తం పల్చబడే మాత్ర వాడితే తలలో రక్తస్రావం అవుతుందని చెప్పి, దాని బదులు ఎకోస్ప్రిన్ 75 వేయమన్నారు. అదే వేస్తున్నాం. దడ, ఆయాసం ఏమీ లేవు. ఇలాగే కొనసాగించొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ. ఈ వారంలోనే నాన్నగారిని మళ్లీ ఆ గుండె డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లండి.

దడ లేదు, ఆయాసం లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకుంటున్నారు చూడండి, చిక్కంతా అక్కడే. ఈ జబ్బులో గుండె పైగదులు గట్టిగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. ఎడమ పైగదికి ఆనుకుని చిన్న సంచిలాంటిది ఉంటుంది, కదలిక లేని చెరువు మూలన నాచు పట్టినట్టు అక్కడ రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు వెళ్లిందంటే పక్షవాతమే, అదీ మామూలుగా వచ్చేదానికంటే పెద్దది. ఇదంతా రోగికి ఏమీ తెలియకుండానే జరుగుతుంది.

ముప్పు ఎంతో చూడ్డానికి మేం ఒక స్కోరు వేస్తాం. 75 దాటితే 2, బీపీకి 1, షుగర్‌కి 1. మీ నాన్నగారికి 4 వచ్చింది. మందు లేకుండా ఈ స్కోరుతో ఉన్నవాళ్లు 100 మంది ఉంటే, ఏడాదిలో సుమారు నలుగురైదుగురికి పక్షవాతం వస్తుంది. మాత్ర సరిగ్గా వాడితే అందులో దాదాపు మూడింట రెండు వంతులు తప్పించొచ్చు.

ఇక ఎకోస్ప్రిన్, అంటే యాస్పిరిన్. ఇది చిన్న మాత్ర, సేఫ్ అని అందరికీ ఓ నమ్మకం. వార్ఫరిన్ (రక్తం గడ్డ కట్టకుండా వాడే పాత మందు) సరిపడదనుకున్న సుమారు 5,600 మందిలో కొందరికి యాస్పిరిన్, కొందరికి ఎపిక్సాబాన్ ఇచ్చి చూసిన అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. యాస్పిరిన్ వాడినవాళ్లలో ఏడాదికి 3.7 శాతం మందికి పక్షవాతమో, గడ్డ వల్ల మరో ముప్పో వచ్చింది, ఎపిక్సాబాన్ వాడినవాళ్లలో 1.6 శాతానికే. పెద్ద రక్తస్రావాలు మాత్రం 1.2, 1.4 శాతం, అంటే ఇంచుమించు సమానం. రక్షణ సగం కూడా లేదు, రక్తస్రావం భయం పోలేదు, మరి దేనికండీ ఆ మాత్ర? (గుండెలో స్టెంట్ వేయించుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఇది చదివి యాస్పిరిన్ ఆపేయకండి.)

పడిపోతారన్న భయం నిజమైనదే, కొట్టిపారేయను. అయితే 1999లో కెనడా వైద్యులు ఇదే లెక్క వేశారు: పడటం వల్ల తలలో అయ్యే రక్తస్రావం ముప్పు వార్ఫరిన్ మేలును మించాలంటే మనిషి ఏడాదికి దాదాపు 295 సార్లు పడాలట! లెక్క లెక్కే అనుకోండి, కానీ ఒకసారి జారితే మాత్ర ఆపనక్కర్లేదని అర్థమవుతుంది కదా. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ, కింద జారని మ్యాట్ పెట్టించండి.

అసలు ‘రక్తం పల్చబడే మాత్ర’ అన్న పేరే జనాన్ని భయపెడుతోందని నాకు అనుమానం. పాలల్లో నీళ్లు కలిపినట్టు రక్తమేమీ పల్చబడదు, గడ్డ కట్టడం నెమ్మదిస్తుంది, అంతే. మా డాక్టర్లకూ భయముంది, దాచుకోవడం ఎందుకు. మాత్ర వేశాక ముక్కులోంచి రక్తం వస్తే రాసిన డాక్టర్ని అంటారు, మాత్ర ఆపాక పక్షవాతం వస్తే తలరాత అంటారు. ఆ మధ్య మా ఓపీకి ఒకాయన్ని మూతి వంకరపోయి, కుడి చెయ్యి వేలాడుతుంటే తీసుకొచ్చారు. జేబులో చీటీ ఉంది, నాలుగు నెలల కిందట పన్ను తీసినప్పటిది, ‘రక్తం మాత్ర ఆపండి’ అని. మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో అందులో లేదు, ఎవరూ అడగలేదు.

వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ చేయించి, బరువు, బీపీ చూపించుకోండి. 80 ఏళ్లు నిండటం, బరువు 60 కిలోలు లేదా అంతకంటే తక్కువ ఉండటం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు మించి ఉండటం, ఈ మూడింట్లో రెండుంటేనే సాధారణంగా 2.5 ఎంజీకి తగ్గిస్తారు. ‘పెద్దాయన కదా’ అని మనమే సగం చేయకూడదు, రాత్రి మాత్ర ఎగ్గొట్టకూడదు, దాని పని పూటకే అయిపోతుంది. మోకాళ్ల నొప్పులకు షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కోవడం మాన్పించండి. విరేచనం తారులా నల్లగా అయినా, తలకు దెబ్బ తగిలినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: నాకు 42. కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటం బాగా సన్నబడింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. వార్ఫరిన్ లాంటి ఎసిట్రోమ్ మాత్ర వాడుతూ, రక్తం ఎంతసేపట్లో గడ్డ కడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకు నెలనెలా తిరగలేకపోతున్నాను. పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రకు మారొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మీకు మాత్రం పాత మందే మంచిదమ్మా. మీలాంటి కవాటం జబ్బువాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది, అందులో పాత రకం మందు వాడినవాళ్లకంటే కొత్త రకం రివరోక్సాబాన్ వాడినవాళ్లలోనే మరణాలు ఎక్కువ. ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. గోంగూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు, ఒక వారం అసలు లేకుండా మరో వారం రోజూ తింటేనే రిపోర్టు అటూ ఇటూ ఊగుతుంది.