టీనోస్ తిరునాళ్ళకి వెళ్తున్న మేనకోడలికి

భీమిలి

అమ్మలూ,

ఆగస్టు 15కి నువ్వు గ్రీసులో టీనోస్ దీవికి వెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "అదేదో మేరీమాత పండగట అన్నయ్యా, రోడ్డంతా జనమేనట, నువ్వైనా చెప్పు" అంది. వద్దని చెప్పమని దాని బాధ. మన ఇళ్ళల్లో ఆ ఊరు చూసినవాణ్ణి ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే. ఇప్పుడు నువ్వు చూడబోతున్నావంటే రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషమే అనుకో, సగం.

టోపీ, నీళ్ళు, భుజాలు కప్పే చున్నీ సంగతి నీకు చెప్పక్కర్లేదు. గదులు నెలల ముందే నిండిపోతాయి. దొరక్కపోతే గుడి ఆవరణలో దుప్పట్లు పరుచుకున్న ముసలమ్మల పక్కన పడుకో. పర్సు తల కింద పెట్టుకో.

అసలు నా టెన్షన్ గాలి గురించి. ఆగస్టులో అక్కడి ఏజియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి లేస్తుంది, మెల్తెమి అంటారు. మబ్బు తునక కూడా ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, కింద సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంది. గాలి మరీ ముదిరితే పోర్టువాళ్ళు ఫెర్రీలు ఆపేస్తారు. మర్నాడు ఆఫీసుందని 15 సాయంత్రానికే తిరుగు టికెట్ కొన్నావట! బుద్ధుందా నీకు? ఇంకో రోజు సెలవు పెట్టి ఆ టికెట్ మార్చు. పై డెక్ మీద రెయిలింగ్‌కి ఆనుకుని ఫోటోలు దిగావని తెలిసిందో, నీతో మాట్లాడను.

ఇక నా తప్పు చెబుతాను. మీ అమ్మకి కూడా తెలీదు.

1994లో మా ఓడ ఏథెన్స్ దగ్గర పెరామా రేవులో రిపేరుకి ఆగింది. మా బోసన్, అంటే డెక్ మీద పనివాళ్ళ మేస్త్రీ, గ్రీకువాడు, పండక్కి నన్నూ తీసుకెళ్ళాడు. రేవు నుంచి గుడికి మెగలోఖారి వీధి, 800 మీటర్ల దాకా పొడవు, అంతా ఎత్తెక్కుతూ ఉంటుంది. జనంలో బోసన్ తప్పిపోయాడు. ఎదురుగా నల్లబట్టల ముసలావిడ ఒకావిడ, రోడ్డు మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి పడి ఉంది. ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. పరుగెత్తి, చంకల కింద చేతులు వేసి ఎత్తి నిలబెట్టేశాను. ఎంత తేలికో! మోకాళ్ళకి గుడ్డలు చుట్టి ఉన్నాయి, అవి చూశాక కూడా నాకు వెలగలేదు.

ఆవిడ నా వంక చూసి ఏదో అరిచి, అయిదు వేళ్ళూ చాపి అరచెయ్యి నా ముఖం మీదకి తెచ్చింది. దీవిస్తోందనుకున్నాను. చేతులు జోడించి తల కూడా వంచాను! చుట్టూ ఉన్న మగాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వెనక్కి తిరిగి, దిగువకి రేవు దాకా నడిచి, అక్కడ మళ్ళీ మోకాళ్ళ మీదకి వంగింది.

అప్పటికి బోసన్ వచ్చాడు. "అది మొక్కురా. నువ్వు లేపావు, ఆవిడ మొదటికొచ్చింది. ఆ చెయ్యి దీవెన కాదు, ముఖాన మసి పూయడం" అన్నాడు. మూత్జా అంటారు దాన్ని.

సింహాచలంలో పొర్లుదండాలు పెట్టేవాళ్ళని ఎవరైనా లేపుతారా? నేను మొదటి ఓడ ఎక్కిన ఏడాది మీ అమ్మమ్మ ఆ కొండ మెట్లు ఒక్కోదానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి ఎక్కింది. సగంలో ఎవడైనా రెక్క పట్టుకుని లాగేసి ఉంటే? ఆ ముసలావిడ కొడుకు కూడా ఏ ఓడ మీద ఉన్నాడో అనిపించింది. నీళ్ళ సీసా పట్టుకుని వెనకాలే నడిచాను, నాలుగడుగులు వేయడం, ఆగడం. గుడి మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి చాపి సీసా తీసుకుని తాగింది. ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు వాళ్ళ కోసం రోడ్డు పక్కన తివాచీ పరిచి ఉంటుందట. దాని మీద నడవకు. ఎవరినీ లేపకు.

అంగళ్ళన్నీ పక్కనున్న ఎవాంగెలిస్ట్రియాస్ వీధిలో. నిలువెత్తు కొవ్వొత్తులు, తీర్థం పట్టుకునే బుల్లి సీసాలు, మన వెండి కళ్ళూ కాళ్ళూ లాంటి తామా రేకులు. అయిదు కావాలంటే అరచెయ్యి నీ వైపు తిప్పుకుని చూపించు, సరేనా. వాళ్ళు "నే" అంటే అవునని. లుకుమాదెస్ తిను, చిన్న బోండాల్లా వేయించి తేనె పోసి దాల్చినచెక్క పొడి చల్లుతారు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే తోలు.

గుడి లోపల దీపాల కింద వెండి ఓడలు వేలాడుతుంటాయి. ఒకదానికి చేప అతుక్కుని ఉంటుంది. ఓడకి చిల్లు పడితే ఆ చేపే అడ్డం పడి కాపాడిందని చెప్పుకుంటారు. అది నాకోసం చూడు.

1940 ఆగస్టు 15న, ఇదే పండగనాడు, ఆ రేవులో ఆగి ఉన్న ఎల్లి అనే యుద్ధనౌకని ఇటలీ జలాంతర్గామి టార్పెడోతో ముంచింది. అప్పటికి రెండు దేశాలకీ యుద్ధమే లేదు. నేను ఇంజన్ రూంలో బతికినవాణ్ణి, ఓడ కడుపులో ఉన్నవాళ్ళే ముందు గుర్తొస్తారు నాకు. వాళ్ళ పేరున ఒక కొవ్వొత్తి వెలిగించు, చిన్నదైనా చాలు. డబ్బులు నేనిస్తాను.

టికెట్ మార్చగానే మెసేజ్ పెట్టు. మీ అమ్మకి కాదు, నాకు.

మీ పెద్ద మావయ్య