ఏడాది లోపు పిల్లలకు చేతివాటం ఉంటుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాప 32 వారాలకే పుట్టింది. ఇప్పుడు ఏడు నెలలు నిండాయి. బొమ్మ ఏ వైపు పెట్టినా కుడి చేత్తోనే అందుకుంటుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటుంది. ఇంకా కూర్చోవడం లేదు. ‘కుడిచేతి వాటం, అంతే’ అంటున్నారు ఇంట్లో పెద్దవాళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు చిన్నప్పుడే తగిలిన దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినడం) ఏమోనని నా భయం.

జవాబు: కూర్చోవడం గురించి ఇప్పుడే బెంగ పడకండి. 40 వారాలకు పుట్టాల్సిన పాప ఎనిమిది వారాలు ముందొచ్చింది. ఆ రెండు నెలలూ తీసేస్తే ఎదుగుదల లెక్కలో పాపకు ఐదు నెలలే. రెండేళ్లు వచ్చేదాకా ఈ లెక్కే చూడాలి. ఈ లెక్కలో తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోతే అప్పుడు ఆలోచించాలి.

చెయ్యి సంగతి మాత్రం ఆగేది కాదు. ఏడాది లోపు పిల్లలకు చేతివాటం ఏర్పడదు, రెండు చేతులూ సమానంగా వాడతారు. ఒకటే వాడుతున్నారంటే రెండోది సరిగా పనిచేయడం లేదేమోనని చూడాలి. పుట్టిన కొత్తలో పిడికిళ్లు బిగించి ఉండటం మామూలే, కానీ నాలుగో నెలకల్లా విచ్చుకోవాలి.

పాపను వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చేతిని మెల్లగా పట్టుకుని, ఎడమ పక్కన గిలక్కాయ ఆడించండి. ఎడమ చెయ్యి ముందుకొస్తుందా? వస్తే వేళ్లు విచ్చుకుంటున్నాయా, బొటనవేలు అరచేతిలోనే ముడుచుకుని ఉందా? చొక్కా తొడిగేటప్పుడు ఒక మోచెయ్యి చాపడం రెండోదానికంటే కష్టమవుతోందా? కాళ్లు రెండూ ఒకేలా తన్నుతోందా? పాప హాయిగా ఆడుకుంటున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి. ఆస్పత్రిలో ఏడ్చే బిడ్డ ఒళ్లు ఎలాగూ బిగుసుకుంటుంది, ఇంటి వీడియోలో అసలు కదలిక తెలుస్తుంది.

ఈ వారంలోనే పిల్లల నరాల నిపుణులకు చూపించండి. కండరాల బిగుతు, కదలికల తీరు చేత్తో పరీక్షించి, అవసరమైతే ఎమ్మారై రాస్తారు. చూపు, వినికిడి పరీక్షలు కూడా అడిగి చేయించండి. జబ్బు పేరు తేలడానికి కొన్నాళ్లు పట్టొచ్చు, అందాకా థెరపీ (కదలికలు మెరుగుపడటానికి చేయించే వ్యాయామాలు) మొదలుపెట్టకుండా ఆగకూడదు. మెదడు కొత్త దారులు వేసుకునే వయసిది. బొమ్మలు ఎడమ వైపు పెట్టండి, రెండు చేతులతో పట్టుకోవాల్సిన బంతి లాంటివి ఇవ్వండి. కుడి చేతిని మీ అంతట మీరు కట్టెయ్యకండి. ఆ పద్ధతి ఉంది గానీ, థెరపిస్టు పర్యవేక్షణలో కొద్దిసేపే చేయాలి.

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. నెలలు నిండాకే పుట్టాడు. నిలబెడితే మునివేళ్ల మీదే ఉంటాడు, కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. ఇక భయం లేనట్టేనా?

జవాబు: అలా అనుకోవద్దు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కొందరికి ఎమ్మారై మామూలుగానే ఉంటుంది. డైపరు మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి బలం పెట్టాల్సి వస్తోందా? పాకేటప్పుడు కాళ్లను ఈడుస్తూ మోచేతులతోనే లాక్కుంటున్నాడా? ఇవి ఉంటే తొడ కండరాలు బిగుసుకున్నట్టే. ఆ లాగుడుకి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది, మొదట్లో నొప్పి కూడా ఉండదు. అందుకే తుంటి ఎక్స్‌రే ఎప్పుడెప్పుడు తీయించాలో డాక్టరును అడగండి. చక్రాల వాకర్‌లో కూర్చోబెట్టొద్దు, మునివేళ్ల మీద తోసుకోవడం ఇంకా అలవాటవుతుంది.

ఎమ్మారై బాగుండి కాళ్లు బిగుసుకునే పిల్లల విషయంలో ఇంకొకటి గమనించాలి. పొద్దున నిద్ర లేవగానే కాళ్లు వదులుగా ఉండి, సాయంత్రానికి బిగుతు పెరుగుతోందా? అయితే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా అనే జబ్బు అచ్చం ఇలాగే కనిపిస్తుంది, లెవోడోపా మందుతో చాలా బాగా తగ్గుతుంది. వచ్చిన పనులు పోతున్నా, అంటే నిన్నటిదాకా కూర్చున్నవాడు ఇవాళ కూర్చోలేకపోతున్నా, దాన్ని సెరిబ్రల్ పాల్సీ ఖాతాలో వేసి ఊరుకోకండి. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు, కాబట్టి కారణం వేరే ఉండొచ్చు. వెంటనే మళ్లీ చూపించండి.