కొత్త ఫ్లాట్ కొనకపోతే విశ్వాసం తక్కువైనట్టా?

ప్రశ్న: గాజువాకలో మా మామగారు కట్టిన రెండు గదుల ఇంట్లో ఉంటున్నాము. ఇటీవల మా ఆడపడుచు వాళ్లు మధురవాడలో ఫ్లాట్ కొని గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నారు. భోజనాల దగ్గర ఆమె నాతో, "వదినా, మీ ప్రార్థనలో ఎక్కడో లోటుంది" అన్నది. అప్పటినుంచి మావారు 40 లక్షలు అప్పు చేసైనా ఫ్లాట్ కొందామంటున్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి స్నేహితులను ఇంటికి తీసుకురావడానికి సిగ్గుపడుతున్నాడు. ఉన్నదానితో తృప్తిగా బ్రతకాలని నా కోరిక. ఇది విశ్వాసలోపమా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: కాదు సోదరీ. ఆ మాట మిమ్మల్ని ఎంతగా గుచ్చుకుని ఉంటుందో ఊహించగలను. ఆస్తి పెరగడమే దీవెనకు రుజువన్న బోధ మన సంఘాల్లో బాగా పాతుకుపోయింది. అదే కొలత అయితే, 1805లో మన విశాఖపట్నానికి వచ్చి సువార్తలను తెలుగులోకి అనువదించడం మొదలుపెట్టిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లను దీవెన లేనివారనాలి. 1810 నాటికే ఇద్దరూ కన్నుమూశారు. తమ అనువాదం అచ్చులో చూసుకునే భాగ్యం కూడా వారికి దక్కలేదు. వారి ప్రార్థనలో లోటుందని మనలో ఎవరమైనా అనగలమా?

అయితే ఫ్లాట్ కొనుక్కోవడం పాపమని కూడా అనుకోకండి. దేవుడు మనం అనుభవించడానికే సమస్తాన్నీ ధారాళంగా ఇస్తాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయంలో ఉంది. ధనాన్ని నమ్ముకోవద్దని ధనవంతులను హెచ్చరించింది కూడా అదే వచనం. కాబట్టి మీ ఆడపడుచు ఇంటిని చూసి మనస్ఫూర్తిగా సంతోషించండి. ఆమె మాటను మాత్రం దేవుని తీర్పుగా తీసుకోవద్దు.

ఇక అప్పు సంగతి. ఆ 40 లక్షలను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 34,700 రూపాయల వాయిదా పడుతుంది, వడ్డీతో కలిపి చివరికి చెల్లించేది 83 లక్షలు దాటుతుంది. మీవారితో గొడవకు దిగకుండా, ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఈ లెక్కను మీ జీతం కాగితం పక్కన పెట్టి చూడండి. పిల్లవాడి చదువు, పెద్దవాళ్ల మందులు, సంఘానికిచ్చే కానుక, కష్టంలో ఉన్నవారికి చేసే సాయం, వీటిలో ఏవి ఆగిపోతాయో రాసుకోండి. అవన్నీ సాగుతూనే వాయిదా కట్టగలిగితే, ఇల్లు నిజంగా ఇరుకైతే, కొనడంలో తప్పు లేదు. చెల్లెలి ముందు తక్కువైపోయామన్న బాధతో కొనాలనుకుంటుంటే, ఆ బాధ గురించి ముందు ఆయనను మనసు విప్పి మాట్లాడనివ్వండి. ఇలాంటి సంగతులు మగవారు సాధారణంగా బయటపెట్టుకోరు.

మీ అబ్బాయి విషయంలో నాకు మరింత శ్రద్ధ ఉంది. వాక్యం చూపించి అతని నోరు మూయించవద్దు. తల్లిదండ్రులు తీసుకున్న నిర్ణయానికి మూల్యం తానొక్కడే చెల్లిస్తున్నానని పిల్లవాడికి అనిపిస్తే, తృప్తి అన్న మాటే అతనికి చేదైపోతుంది. ఇంటి లెక్కలు అతనికీ చూపించండి. ముందుగదికి సున్నం వేయించి, చదువుకోవడానికి ఒక మూల అతనికి వదిలిపెట్టి, ఒక ఆదివారం ఆరాధన తరువాత అతని స్నేహితులను భోజనానికి పిలవండి. మీ చేతి చేపల పులుసు తిన్న పిల్లలు ఇంట్లో గదులు లెక్కపెట్టరు. డిసెంబరులో జగదాంబ కూడలికి క్రిస్మస్ బట్టలకు వెళ్లినప్పుడు, మీ వీధి ఊడ్చే ఆమె పిల్లలకు కూడా ఒక జత అతని చేతే ఎంపిక చేయించండి. ధర కూడా అతన్నే చూడనివ్వండి.

మీ ఆడపడుచు మళ్లీ ఆ మాటంటే మౌనంగా భరించనవసరం లేదు. "నీ ఇల్లు చూసి నాకు సంతోషమే, కానీ ఆ మాట నన్ను బాధపెట్టింది" అని, నలుగురిలో కాకుండా ఆమెతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి.