గుర్రానికి తగిన పందెం: ట్రైనరు ఎంపికను తూచడం ఎలా?

ప్రశ్న: చలికాలంలో నేనూ మా మేనమామా అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి గుర్రప్పందేలు చూసి వస్తుంటాము. ఎక్కువ పందేలు గెలిపించినవాడే గొప్ప ట్రైనరని మామ వాదన. ఒకే గుర్రం మూడుసార్లు వెనకబడి నాలుగోసారి అవలీలగా గెలిచినప్పుడు, ట్రైనరు దానికి తగిన పందెం వెతికి పట్టాడా, లేక కాలం కలిసొచ్చిందా అన్నది నాకు అంతుపట్టదు. దీన్ని తూచే పద్ధతి ఏదైనా ఉందా? ఇండియన్ డెర్బీకి గుర్రాన్ని దించడం కూడా ఇలాంటిదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: గెలుపుల లెక్క ప్రధానంగా ట్రైనరు లాయంలో ఎన్ని గుర్రాలున్నాయో, వాటి యజమానులు ఎంత పెట్టి కొన్నారో చెబుతుంది. ఉన్న గుర్రాన్ని ఎక్కడ దించాలో అతనికి తెలుసా లేదా అన్నది ఆ లెక్కలో కనబడదు కనుక, ఈ విషయంలో మీ మామగారితో నేను ఏకీభవించలేను.

మన సీమలో తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీలు మీరు చూసే ఉంటారు. ఎద్దుల పళ్లను బట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు పెడతారు. ఒక విభాగంలోని జతలన్నీ ఒకే బండను లాగుతాయి. హ్యాండికాప్ పందెం దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ స్థాయి గుర్రానికి తక్కువ బరువు పెట్టి, అన్నింటికీ సమానమైన అవకాశం కల్పించాలని చూస్తారు. ఆ స్థాయిని అంకెలలో చెప్పేదే రేటింగు.

బెంగళూరులో 20 నుంచి 45 రేటింగు గల గుర్రాలకు ఒక తరగతి, 40 నుంచి 65 వరకు దానిపై తరగతి. ఈ రెండూ కలిసే అంచులోనే ట్రైనరు ఆలోచన బయటపడుతుంది. 44 రేటింగు ఉన్న గుర్రాన్ని తీసుకోండి. ఒక్కో అంకెకు అరకిలో చొప్పున, ఏ తరగతిలోనైనా పైఅంచున ఉన్న గుర్రానికి 60 కిలోలు నిర్ణయించారనుకుంటే, మన గుర్రం కింది తరగతిలో 59.5 కిలోలు, పై తరగతిలో 49.5 కిలోలు మోయాలి. పది కిలోలు తగ్గుతాయి గాని, ఎదురయ్యేవి గట్టి గుర్రాలు. పైగా ఈ బరువులో స్వారీ చేసే జాకీ బరువూ కలిసే ఉంటుంది కనుక, అంత తేలికైన జాకీ దొరకడమూ కష్టమే. బలమైన ఒడ్డూపొడుగూ ఉండి బరువును లెక్కచేయని గుర్రాన్ని కింద దించడం, చిన్న శరీరంతో చురుకుగా పరుగెత్తే ఆడగుర్రాన్ని తేలిక బరువుతో పైన ప్రయత్నించడం సాధారణంగా తెలివైన ఎంపికలు.

గెలుపుకు చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. చిన్న పందెంలో ఆరేడు లెంగ్తుల (గుర్రం శరీరం పొడవుల) తేడాతో గెలిస్తే చప్పట్లు బాగానే మోగుతాయి గాని, రేటింగు పెరిగి గుర్రం తరువాతి పరుగుకే తన స్థాయికి మించిన వాటి మధ్యకు వెళ్లి పడవచ్చు. అందుకే ఒక గెలుపును దాని తరువాతి రెండు మూడు పరుగులతో కలిపి చూడాలని నా అభిప్రాయం.

పద్ధతి అడిగారు కనుక, నేను చేసేది చెబుతాను. ఒక గుర్రం గత పది పరుగులను రేస్ బుక్కులో (గుర్రాల పాత పరుగుల వివరాలు అచ్చయ్యే పుస్తకంలో) తీసుకుని, ఫలితాల గడిని కాగితంతో మూసేసి, దూరం, తరగతి, బరువు, జాకీ, రెండు పరుగుల నడుమ గడిచిన రోజులు మాత్రమే వరుసగా చదువుతాను. దూరం 1200 మీటర్ల నుంచి 1400కు, అక్కడి నుంచి 1600కు పెరుగుతూ పోతే ట్రైనరు గుర్రం దమ్మును పరీక్షిస్తున్నాడన్నమాట. ఒక వారం 1100, మరో వారం 2000, మళ్లీ 1200 అని ఉంటే అతనికే స్పష్టత లేదనుకోవచ్చు. ఆ తరువాతే కాగితం తీస్తాను. మీరు చెప్పిన మూడు ఓటములు దూరాన్ని, తరగతిని వెతుకుతూ వచ్చినవైతే నాలుగో పరుగు గెలుపు ట్రైనరుదే. మూడూ ఒకే దూరంలో, ఒకే తరగతిలో ఉండి, నాలుగోనాడు ఏమీ మారకుండానే గెలిస్తే కాలం కలిసొచ్చిందనుకోవచ్చు. రేటింగు దిగజార్చేందుకే గుర్రాన్ని వెనక ఉంచారన్న అనుమానాలు గ్యాలరీలో ఎప్పుడూ ఉండేవే. అలాంటి పరుగులపై విచారించి శిక్షించే అధికారం పందేలను పర్యవేక్షించే స్టివార్డులకు ఉంది. కాని కొత్త దూరంలో ఒకసారి ఓడిపోవడం వేరు, ఓడించడం వేరు.

ట్రైనరు పట్ల కొంత న్యాయం కూడా పాటించాలి. పందేల పట్టికను క్లబ్బు ముందే నిర్ణయిస్తుంది. తన గుర్రానికి సరిపోయే పందెం నెలరోజుల దాకా లేకపోతే అతడు చేయగలిగింది తక్కువ. పెళ్లికి వచ్చిన బంధువులకు తన గుర్రం పరుగెత్తుతుంటే చూపించాలనుకునే యజమాని ఒత్తిడి రేస్ బుక్కులో ఎక్కడా అచ్చు కాదు.

ఇక డెర్బీ సంగతి. ముంబైలోని మహాలక్ష్మిలో 2400 మీటర్లపై నడిచే ఆ పందెం నాలుగేళ్ల గుర్రాలకే పరిమితం. మన దేశంలో గుర్రాల వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు కనుక, పందెం జరిగే ఫిబ్రవరి నాటికి అవి లెక్క ప్రకారం అప్పుడే నాలుగేళ్లు నిండినవి. అక్కడ రేటింగును బట్టి బరువు తగ్గించే వెసులుబాటు లేదు కనుక ట్రైనరు ముందున్న ప్రశ్నలు రెండే: ఈ గుర్రానికి అంత దూరం సాగే దమ్ముందా, ఆనాటికి దాన్ని సిద్ధం చేయగలనా? రషీద్ బైరాంజీ 12 ఇండియన్ డెర్బీలు గెలిపించిన ట్రైనరు. ఆ ఘనత గుర్రాన్ని గుర్తించడంలో, తయారు చేయడంలో ఉంది. పందెం ఎంచుకునే నేర్పు చూడాలంటే మాత్రం డెర్బీ రోజున కూడా కింది తరగతి హ్యాండికాప్ పందేన్నే చూడండి.