తమ్ముడికి, మూడు చక్రాల బండి కొనే ముందు

చిరంజీవి రవికి అన్నయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో సగమే మాట్లాడుకున్నాం. మరదలు పక్కనే ఉన్నట్టుంది, నేనేమడిగినా "ఊఁ, ఊఁ" అన్నావు తప్ప నోరు విప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసే చదవండి.

మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైందన్నావు. రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడు ఎడమ కాలు నిలబడటం లేదు. పోయిన నెల గ్యాస్ స్టేషన్‌లో నీ బైకు పక్కకు వాలిపోతే లేపడానికి ఇద్దరు మనుషులు రావాల్సి వచ్చింది. దాన్ని అమ్మేసి మూడు చక్రాల మోటార్‌సైకిల్ కొంటే ఈ టెన్షన్ తీరుతుందా అని అడిగావు. ఆ ఒక్క టెన్షన్ తప్పకుండా తీరుతుంది. కానీ మూడు చక్రాల బండి అంటే పడిపోని బైకు అనుకుని కొనకు. అది వేరే బండి. దాన్ని మొదటి నుంచి నేర్చుకోవాలి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నీకు చెబుతున్నాను.

తెనాలిలో మీ పెదనాన్న బుల్లెట్ నీకు గుర్తుండే ఉంటుంది. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేను బండి నేర్చుకున్నది దాని మీదే. 1988లో ఉద్యోగం వచ్చాక ఆర్‌ఎక్స్ 100 కొన్నాను. దానికి గేరు ఎడమ, బ్రేకు కుడి. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు సాయంత్రం కాలవ గట్టు మీద వస్తుంటే ఎదురుగా గడ్డిబండి ఒక్కసారిగా అడ్డం తిరిగింది. ఎడమకాలు బలంగా నొక్కాను. కాలి కింద ఉన్నది గేరు. బ్రేకు కుడివైపు ఉందని బుర్రకు తెలుసు, కంగారులో కాలికి తెలియలేదు. మోచేతి మీద ఆ మచ్చ నువ్వు చూశావు. రెండు చక్రాల నుంచి మూడు చక్రాలకు మారేటప్పుడు కూడా జరిగేది ఇదే. కాకపోతే ఈసారి కాలికే కాదు, చేతులకీ నడుముకీ కూడా కొత్త పాఠం.

నా రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాక, ఆరేళ్ళ కిందట నా పెద్ద బైకు హోండా గోల్డ్‌వింగ్ అమ్మేసి క్యాన్-యామ్ స్పైడర్ ఆర్‌టీ కొన్నాను. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. 1330 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, ఆరు గేర్లు, క్లచ్ లేదు, రివర్స్ ఉంది. కొన్న మర్నాడు పొద్దున్నే మా ఇంటి దగ్గర స్కూలు పార్కింగ్ లాట్‌కు తీసుకెళ్ళాను. గంటకు పదిహేను మైళ్ళ వేగంలో కుడికి తిప్పబోతే అది ఎడమకు, సరిగ్గా లైటు స్తంభం వైపు పోయింది. గుండె ఆగినంత పనైంది.

ఎందుకంటే, రెండు చక్రాల మీద కాస్త వేగం అందుకున్నాక కుడికి వెళ్ళాలంటే కుడి గ్రిప్పును ముందుకు నెడతాం. హ్యాండిల్ ఒక్క క్షణం ఎడమకు తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది, ఆ వాలుతోనే మలుపు తీసుకుంటుంది. చేతికి దానంతట అదే వచ్చేస్తుంది కాబట్టి ఇలా చేస్తున్నామని ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళకి కూడా తెలియదు. స్పైడర్ వాలదు. కుడి గ్రిప్పు నెడితే అది బుద్ధిగా ఎడమకు వెళ్తుంది. నీ అనుభవం ఎంత ఎక్కువైతే ఈ తడబాటు అంత ఎక్కువ. బైకు ఎన్నడూ ముట్టని మీ వదిన ఆ లాట్‌లో నాకన్నా ముందు గాడిలో పడింది.

తర్వాత బ్రేకు. ఆగబోయే ప్రతిసారీ నా కుడిచేతి నాలుగు వేళ్ళూ లివర్ కోసం ముందుకు చాచుకునేవి, అక్కడ గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. దీనికి ఉన్నదల్లా కుడికాలి పెడలే, మూడు చక్రాలకీ అదే పట్టు ఇస్తుంది. ఆ వేళ్ళు ఊరుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా ఫ్రీవే ఎక్కలేదు. నువ్వూ ఎక్కకు.

మలుపుల సంగతి ఇంకోటి. బైకు మలుపులో వాలితే నీ బరువు నేరుగా సీటులోకి దిగుతుంది, అందుకే హాయిగా ఉంటుంది. వాలని బండి మీద అదే మలుపు నిన్ను బయటికి తోస్తుంది. మొదటిసారి ఇక్కడ కాలిఫోర్నియాలో ఆబర్న్ నుంచి ప్లేసర్‌విల్‌కు హైవే 49 మీద వెళ్ళాను. అమెరికన్ నది లోయలోకి దిగే ఆ వంకరల్లో బైకు మీద పాట పాడుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఆరోజు దిగేసరికి భుజాలు, ముంజేతులు రాళ్ళయ్యాయి. వెనక కూర్చున్న మీ వదిన పట్టు పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత నేర్చుకున్నాను: మలుపుకు ముందే వేగం తగ్గించాలి, భుజం లోపలి వైపుకు వంచాలి, బయటి వైపు చేత్తో నెట్టాలి. ఇప్పుడు అలసట లేదు. కానీ వాలుతూ తిరగడంలో ఉండే ఆ ఆనందం మటుకు తిరిగి రాలేదు, అది నీ దగ్గర దాచను. నువ్వు బైకు నడిపేది ఆ ఆనందం కోసమే అయితే ఈ బండి నీకు వెలితిగా ఉంటుంది. మరదలితో కలిసి వెళ్ళడం కోసమైతే, వెనక సీటుకు ఇంతకన్నా సుఖం నేను చూడలేదు.

ఇక ఏ రకం అన్నది. హార్లీ ట్రై గ్లైడ్ చూశానన్నావు. దానికి ముందు ఒకటి, వెనక రెండు. మన ఆటో లాగా. ఆటో వేగంగా మలుపు తిరుగుతుంటే లోపలి వైపు వెనక చక్రం పైకి లేవడం మనందరం చూసిందే. మలుపులో ఉండగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు, బయటికి పోతుంది. అక్కడ పట్టుకోవడానికి చక్రం లేదు. ట్రై గ్లైడ్ 560 కిలోల బండి, బరువు కిందికి ఉంటుంది, ఆటోలా ఊరికే తిరగబడదు. అయినా సూత్రం ఒకటే, మలుపు మధ్యలో బ్రేకు తొక్కే అలవాటు దాని మీద పనికిరాదు. ముందు రెండు చక్రాలుంటే ఆ బయటి మూలలో చక్రం ఉంటుంది. పైగా స్పైడర్‌లో లోపలి చక్రం తేలికపడుతోందని తెలియగానే ఇంజను బలం తగ్గించి బ్రేకు పట్టే ఏర్పాటు ఉంది. నా ఓటు ముందు రెండు చక్రాలకే.

ట్రై గ్లైడే నచ్చితే ఒక్క మాట బాగా గుర్తుంచుకో. దాని మీద బండి కదులుతుండగా కాలు కింద పెట్టకూడదు. మడమ వెనకే చక్రం ఉంటుంది, కాలి మీదుగా ఎక్కేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా బండి నెమ్మదించగానే కాలు దించిన అలవాటు మనది. అసలే నీది ఆపరేషన్ అయిన మోకాలు. ఏ రకం కొన్నా, పూర్తిగా ఆగి పార్కింగ్ బ్రేకు వేసేదాకా పాదాలు ఫుట్‌రెస్టుల మీదే ఉండాలి.

యమహా నైకెన్ గురించి కూడా అడిగావు. ముందు రెండు చక్రాలున్నా అది బైకులాగే వాలే బండి, మలుపుల్లో చాలా బాగుంటుందని నడిపినవాళ్ళు చెబుతారు. కానీ ఆగినప్పుడు దాన్ని నిలబెట్టాల్సింది నీ కాలే. కాలు ఆనించకపోతే మామూలు బైకులాగే పడిపోతుంది. నీ అవసరానికి అది పనికిరాదు.

రోడ్డు మీద ఇంకో తేడా. బైకుది ఒకే గాడి, గుంత కనిపిస్తే పక్కకు తప్పిస్తావు. దీనికి మూడు గాళ్ళు. ముందు చక్రాల మధ్యకు గుంత వచ్చేలా పోనిస్తే వెనక చక్రం సరిగ్గా అందులోనే దిగుతుంది. లేను మధ్యలో కార్ల నుంచి కారిన నూనె చారలోనూ అదే చక్రం నడుస్తుంది. మీ సియాటెల్ వానల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకు. మూడు చక్రాలు కాబట్టి తడి రోడ్డు మీద జారి పడవన్నది నిజమే, సన్నటి జల్లులో నాకూ అది బైకు కన్నా ధైర్యంగానే ఉంటుంది. నిలిచిన నీళ్ళ సంగతి వేరు. నా బండి వెనక టైరు 225 మిల్లీమీటర్ల వెడల్పు, కారు టైరులా చదును, దాని మీద కారంత బరువేమో లేదు. రెడ్డింగ్ ఊరు దాటాక ఐ-5 హైవే మీద జోరువానలో ఒకసారి నీటి మడుగు మీదికి పోయాను. వెనక భాగం ఒక్క క్షణం తేలిపోయి పక్కకు జరిగింది. తప్పు నాదే, టైరు అరిగిందని తెలిసీ మార్చడం వాయిదా వేశాను. టైరులో గాడి లోతు నెలనెలా చూసుకో, జోరువానలో వేగం బాగా తగ్గించు.

మరదలికి ఈ ముక్క. అమ్మా, మూడు చక్రాలు ఉంటే బండి దానంతట అది పడదు. ఎదుటివాడు వచ్చి గుద్దడాన్ని అవి ఆపలేవు. 1981లో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో తొమ్మిది వందల బైకు ప్రమాదాలను ప్రమాదం జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఇంకో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో సుమారు మూడింట రెండు వంతులు, బైకుకు దారి ఇవ్వాల్సిన ఎదుటి డ్రైవరు ఇవ్వకపోవడం వల్ల జరిగినవే. ఎడమకు తిరిగే కారువాడు మనల్ని చూడకపోవడం అందులో ముఖ్యం. నా బండి వెడల్పు ఎక్కువ కాబట్టి కాస్త ముందు కనిపిస్తుందని నా నమ్మకం. అంతే. హెల్మెట్, జాకెట్, బూట్లు ఏవీ తగ్గించుకోవడానికి లేదు. రవి మూడు చక్రాలది కొన్నాడని నువ్వు నిశ్చింతగా ఉండి వాటిని అడగడం మానేయకు.

ఖర్చు, ట్రాఫిక్ సంగతులు తొందరగా చెప్పేస్తాను. నాకు గాలన్‌కు 35 మైళ్ళ దగ్గర వస్తుంది, గోల్డ్‌వింగ్ అంతకన్నా ఎక్కువ ఇచ్చేది. బైకుకు రెండు టైర్లు, దీనికి మూడు. గ్యారేజీలో కారుకు కావలసినంత వెడల్పు కావాలి. ఇక్కడ కాలిఫోర్నియాలో కార్ల వరసల మధ్య నుంచి బైకు పోనివ్వవచ్చు, నేను ఆ సౌకర్యం పోగొట్టుకున్నాను. మీ వాషింగ్టన్‌లో అది ఎలాగూ లేదు కాబట్టి నీకు పోయేదేమీ లేదు.

లైసెన్సు మటుకు ముందే చూసుకో. ఇక్కడ కారు లైసెన్సు చాలు. మీ రాష్ట్రంలో మూడు చక్రాలకు ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్సు మీద అదనపు అనుమతి, వేరే తీసుకోవాలి, నీ దగ్గరున్న రెండు చక్రాలది దానికి చెల్లదు. దాన్ని తలనొప్పి అనుకోకు, ఆ వంకతో మూడు చక్రాల శిక్షణలో చేరు. నేను చట్టం అడగలేదు కదా అని చేరలేదు. రెండు రోజుల్లో పక్కనుండి ఎవరైనా చెబితే తెలిసేదాన్ని రెండు నెలలు భయపడుతూ నేర్చుకున్నాను.

అసలు మాట ఒకటి మిగిలింది. నీ ఇబ్బంది చక్రాల లెక్కా, బరువా? నువ్వు నడిపేది నాలుగు వందల కిలోల బండి. ఆ బరువు ఒక పక్కకు వాలితే బాగున్న మోకాలు కూడా ఆపలేదు. హోండా రెబెల్ 500 బరువు 190 కిలోల దగ్గర, సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లే, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనతాయి. క్లచ్ నొక్కే పని కూడా వద్దనుకుంటే రెబెల్ 1100లో డీసీటీ, అంటే వాటంతట అవే మారే గేర్లున్నది ఉంది, బరువు కొంచెం ఎక్కువ. ఫిజియోథెరపీ చేసే ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడుగు: ఇంకో ఆరు నెలలకి ఈ కాలు నిలబడుతుందా, లేక ఇంతేనా? నిలబడుతుందంటే తొందరపడకు, తేలిక బైకు మీదికి మారి ఆగు. నీకు ఇంకా యాభై మూడేళ్ళే. ఇంతే అని ఆవిడ చెబితే మాత్రం మొహమాటపడకుండా మూడు చక్రాలు తీసుకో. తోటివాళ్ళు ముసలివాళ్ళ బండి అంటారని ఆగకు. నేను మోకాళ్ళ నొప్పితో రెండేళ్ళు గోల్డ్‌వింగ్‌ను పట్టుకుని వేలాడి, ఇంటి ముందే రెండుసార్లు కిందపడేశాను. రెండోసారి నా చీలమండ దాని కింద ఉంది.

అమ్మేసే ముందు ఇక్కడికి రండి. వచ్చే నెల మూడో వారం స్కూళ్ళకు సెలవులు, ఆ పార్కింగ్ లాట్ మొత్తం ఖాళీగా ఉంటుంది. పొద్దున్న ఆరింటికి నా బండి నీకు ఇస్తాను. మొదటి గంట ఎనిమిది ఆకారంలో తిప్పడమే, ఎడమ కుడి చేతికి వచ్చేదాకా. రెండో గంట బ్రేకు. మూడోది రివర్స్, అది నువ్వు అనుకున్నదాని కన్నా తేలిక. మధ్యాహ్నం మీ వదిన పప్పుచారు పెడుతుంది. కాలు ఎలా ఉందో చూసుకుని, సాయంత్రం మరదలిని వెనక కూర్చోబెట్టుకుని మన వీధి నాలుగు రౌండ్లు వేద్దువుగాని. మడమ దాటి పైకి వచ్చే బూట్లు తెచ్చుకో, నా సైజు నీకు పట్టదు.

ఇట్లు,
మీ అన్నయ్య