బ్రేక్ వేయడానికి జాగా ఉందా?

ప్రశ్న: ఆరేళ్లుగా ప్యాకింగ్ సామగ్రి సరఫరా చేస్తున్నాను. లెక్కల్లో లాభమే, కానీ నెలాఖరుకు జీతాలకు వెతుక్కోవాల్సి వస్తోంది. ఒక పెద్ద కస్టమర్ ఆర్డర్లు రెట్టింపు చేస్తానంటున్నారు. అప్పు చేసి ఒప్పుకోనా? ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను, రిస్క్ అంటే భయం లేదు.

జవాబు: ఇప్పుడున్న షరతుల మీదైతే ఒప్పుకోకండి. కారు మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మనం అక్కడికి చేరడానికి కనీసం 2 సెకన్లు పట్టాలి, అంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు 33 మీటర్ల ఎడం, వాన పడుతుంటే అంతకు రెట్టింపు. వ్యాపారంలో ఆ ఎడమే చేతిలో ఉండే నగదు. మీకు అది లేదు, నెలాఖరు టెన్షన్ అందుకే.

ఒక లెక్క చూడండి. నెలకు 100 అమ్మకం, అందులో ఖర్చు 80 అనుకుందాం. మీరు చెల్లించాల్సింది 30 రోజుల్లో, మీకు వచ్చేది 75 రోజులకు. మధ్యలో 45 రోజులు, అంటే నెలన్నర ఖర్చు 120 ఎప్పుడూ బయటే ఇరుక్కుని ఉంటుంది. అమ్మకం రెట్టింపైతే అది 240. అదనంగా కావాల్సిన 120 అంటే ఇప్పటి మీ ఆరు నెలల లాభం మొత్తం, అదీ ముందే పెట్టాలి! వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుందని మీకు తెలిసే ఉంటుంది. అప్పు తెస్తే బండి ఇంకా వేగం అందుకుంటుంది, ఎడం మాత్రం పెరగదు.

లాభనష్టాల పట్టిక వెనక అద్దం లాంటిది, దాటొచ్చిన దారినే చూపిస్తుంది. రాబోయే 13 వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి సోమవారం సరిదిద్దండి. వస్తుందని ఆశ ఉన్నది కాదు, ఖాయంగా వచ్చేదే రాయండి. అమ్మకాల్లో సగం ఆ ఒక్క కస్టమర్ దగ్గరికే చేరితే మాత్రం నాకు నిజంగా భయమేస్తుంది, ఎందుకంటే పెద్ద లారీ వెనకే అంటుకుని వెళ్తుంటే రోడ్డు కనపడదు, వాళ్లు ఆగితే మీరు వెళ్లి గుద్దుకోవడమే.

ఆ కస్టమర్‌ను 30 శాతం అడ్వాన్స్ అడగండి, మిగతాది 45 రోజుల్లో ఇమ్మనండి. ఒప్పుకుంటే పెంచండి, కానీ ఒక్కసారిగా రెట్టింపు వద్దు, ముందు పావు వంతు చాలు. కుదరదంటే ఆ ఆర్డర్ వదిలేసి, మూడు నెలల జీతాలకూ అద్దెకూ సరిపోయేంత నగదు పక్కన పెట్టాక మళ్లీ మాట్లాడండి.